మంజూషా శిల్పము

సంపుటమను మాటకు రెండర్థములు కలవు. గ్రంథములోని ఒక భాగమునకు సంపుటమని పేరు. మూతతో కూడిన పెట్టెకును సంపుటమనియే పేరు. అమరసింహుడు సముద్గకమును, సంపుటకమును పక్కపక్కనే నిలిపి రెండును ఒకటే యనినాడు. బౌద్ధుల ధర్మశాస్త్రము మూడు పిటకములు, అనగా మూడు బుట్టలు. నాగేశభట్టు తన వ్యాకరణ సిద్ధాంతములను కూర్చిన గ్రంథమునకు మంజూష యని పేరు పెట్టెను. విలువైనదానిని దాచుకొనుటకు మనుష్యుడు ముందుగా పెట్టెను చేసికొనెను. గ్రంథము తరువాత వచ్చి ఆ పెట్టె పేరును ఎరువు తెచ్చుకొనెను. ఆ ఋణము తీర్చిన జాడ మాత్రము కనబడదు. మన సాహిత్యచరిత్రలలో గ్రంథసంపుటములకు ఎన్ని పుటలు దక్కినవో, నగలను గడియారములను కాపాడి, వానిని కన్నులపండువుగా చూపు సంపుటములకు అన్ని వాక్యములైన దక్కలేదు.

ఈ కథ తెలుగుదేశమున పుట్టినదే యైనను, దానిని మొదలుపెట్టుటకు తెలుగుదేశమునకు వెలుపలనున్న ఒక ఊరు అనుకూలముగా నున్నది. ఇప్పటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని భిలాయి ఉక్కునగరము 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ యూనియనుతో కుదిరిన ఒడంబడిక ఫలము. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు అచట మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. కొలిమితోపాటు ఊరును లేచినది. పేటలకు దేవతల పేర్లో పెద్దల పేర్లో వెదకుటకు వ్యవధి లేక కాబోలు, అంకెలు పెట్టిరి. అట్టి అంకెల పేటలలో సెక్టర్ 6 ఒకటి. శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలైన ప్రాంతములనుండి పనికై వచ్చిన తెలుగు కుటుంబములు ఈ సెక్టర్లలోని క్వార్టర్లలో తరములుగా కాపురమున్నవి. అట్టి యింట రెండు పెట్టెలు ఉండుట సాధారణము. స్వస్థలమునుండి తెచ్చుకొన్న లక్కపూత కుంకుమభరిణ దేవుని అరలో నుండును. పదవీవిరమణనాడు పూలదండతోపాటు చేతికందిన గడియారపు పెట్టె బీరువాలో, పట్టుచీరల మడతల నడుమ నుండును. గడియారము అరిగి మూలబడి యుండవచ్చును. పెట్టెను మాత్రము పారవేయరు. వట్టి పెట్టెపై ఇంత మమకారమెందుకని అడుగువారికి సమాధానము కృష్ణా డెల్టాలో దొరకును. అందుకు ఇంచుమించు ఇరువదిరెండు శతాబ్దులు వెనుకకు పోవలెను.

ఇప్పటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలున ఒక మహాస్తూపముండెను. పందొమ్మిదవ శతాబ్దిలో దాని ఇటుకలు రోడ్డు కింద పరచుటకును, పాలరాతి పలకలు కాలువ తూము కట్టుటకును పోయినవి. మిగిలిన దిబ్బను 1892లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ త్రవ్వించెను. స్తూపగర్భమున మూడు రాతి పెట్టెలు బయల్పడినవి. ప్రతి పెట్టెయు రెండు రాళ్ల జత: అడుగు రాతిలో దొలిచిన గుంట, పై రాయి దానిపై సరిగా కూర్చొను మూత. లోపల స్ఫటికపు బరిణె, బంగారు పూలు, ముత్యములు, మణులు, బుద్ధుని శరీరధాతువు. పెట్టెల అంచుల వెంబడి, మూతలమీద, బ్రాహ్మీలిపిలో ప్రాకృతశాసనములు. వానిని చదివి ప్రకటించినవాడు జర్మను పండితుడు బ్యూలర్. ఆ అక్షరములు మన లిపికి ఎన్నవ తరపు పూర్వులో తేల్చుటకు పండితులు చాల సిరా ఖర్చు చేసిరి. అది చేయదగిన ఖర్చే. అయితే అక్షరముల వంపులను చూచిన కన్నులు అక్షరములు చెప్పుచున్న మాటమీద అంతసేపు నిలువలేదు.

ఆ మాట యిది. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అనువారు బుద్ధధాతువులను ఉంచుటకై ఒక మజూసను, ఒక ఫాళిగసముగను సమకూర్చిరి. మజూస యనగా మంజూష. ఫాళిగసముగ యనగా స్ఫటికసముద్గము, గాజువలె తేటయైన స్ఫటికపు బరిణె. మరియొక పెట్టెమీద గోష్ఠి, అనగా సంఘమువారి పేర్ల పట్టిక కలదు. కుబిరకుడను రాజు పేరును కలదు. ఆరు పలకల స్ఫటికముమీద నందపుర స్త్రీల దానము చెప్పబడినది. తెలుగునేలపై దొరికిన శాసనములలో మిక్కిలి ప్రాచీనములని ఎంచబడు ఈ వాక్యములు యుద్ధమును గూర్చినవి కావు. అగ్రహారమును గూర్చినవి కావు. ఇవి పెట్టెలను గూర్చినవి, పెట్టెలమీదనే వ్రాయబడినవి.

ఇందలి సూక్ష్మము గమనింపదగినది. ధాతువు ఎవరికిని సొంతము కాదు. కురుడు బుద్ధుని ధాతువును దానము చేసితినని వ్రాసికొనజాలడు. అతడు ఇవ్వగలిగినది ధాతువు వసించు చోటు మాత్రమే. కావున పెట్టెయే కానుక అయినది. దాతపేరు పెట్టెకే అంటుకొన్నది. పైగా ఆ పెట్టెను స్తూపగర్భమున ఉంచి మీద ఇటుకల కొండ కట్టిరి. ఇక ఆ పేర్లను చదువువాడు లేడు. చదువరి లేని చోట అంత శ్రద్ధతో అక్షరములు చెక్కించిన ఆ తలిదండ్రుల మనస్సును ఊహించినచో, బహుమతి పెట్టె యనునది కేవలము అంగడివాని ఎత్తుగడ కాదని తెలియును. చెక్కినవాని పేరు మాత్రము అందు లేదు. ఇది చిన్న లోపము కాదు. ఈ చరిత్ర పొడుగునను ఈ లోపము వెంటవచ్చును.

పనితనమును గూర్చియు నాలుగు మాటలు చెప్పవలెను. భట్టిప్రోలు శిల్పి పాటించిన క్రమము నేటికిని మారలేదు. వెలుపలి పొర బలమునకు, లోపలి పొర చూపునకు. రాయి బరువును, తేమను, పురుగును ఓర్చుకొనును. స్ఫటికము లోనిదానిని మూత తీయకయే చూపును. నడుమ బంగారు పూలు అలంకారమునకు అలంకారము, కదలిక లేకుండ సర్దుటకు మెత్తని అండ. ఈనాటి గడియారపు పెట్టెలో అట్టపెట్టె వెలుపల, గట్టి పెట్టె దానిలో, ముఖమలు దిండు దాని నడుమ నుండుటయు ఈ సూత్రమునకు రూపాంతరమే. స్ఫటికము ఇనుము గీకిన గీతపడని కాఠిన్యము గలది. దానిని లోపల దొలిచి బరిణె చేయవలెనన్న దానికంటె కఠినమైన కురువిందము వంటి రాతిపొడి కావలెను. ఆ పొడితో దినములతరబడి అరగదీయవలెను. తొందర పడినవానికి స్ఫటికము పగిలి శిక్ష వేయును.

పెట్టెకును లోనున్న వస్తువునకును ఎడబాటు కలుగుట ఈ కథలో మరియొక పాయ. భట్టిప్రోలు ధాతువును ప్రభుత్వము మహాబోధి సభకు అప్పగింపగా 1920లో కలకత్తా కాలేజి స్క్వేరులోని ధర్మరాజికా విహారమున ప్రతిష్ఠించిరి. రాతి పెట్టెలు మద్రాసు మ్యూజియము పాలైనవి. కురుని కుటుంబము ఒకటిగా సమకూర్చినది రెండు నగరములకు పంపకమైనది. ఉత్తరాదిని పిప్రాహ్వా వద్ద 1898లో పెప్పే అను జమీందారు త్రవ్వించిన స్తూపము కథ ఇంతకంటె చిత్రము. అచటను రాతి భరిణలు, వానిలో చేప ఆకారపు పిడిగల స్ఫటికపు బరిణె ఒకటి, ఒక భరిణమీద శాసనము. అస్థికలు సయాము రాజునకు పోయినవి. భరిణలు కలకత్తా ఇండియన్ మ్యూజియమునకు పోయినవి. మణులలో కొంతభాగము పెప్పే వంశీయులకు మిగిలినది. ఆ మణులను 2025 మే మాసమున హాంకాంగులో వేలమువేయ సిద్ధపడగా భారతప్రభుత్వము అభ్యంతరము తెలిపి ఆపించెను. జూలైలో గోద్రెజ్ సంస్థ ద్వారా అవి భారతదేశమునకు తిరిగి వచ్చినవి. మణులను విడిగా చూచినవారు వానిని రత్నములనిరి. పెట్టెతో కలిపి చూచినవారు పవిత్ర నిక్షేపమనిరి. ఆ తగవులో సగము ఈ రెండు చూపుల నడుమ నున్నదే.

స్తూపములు కూలిన తరువాత మంజూష ఇంటికి దిగివచ్చినది. రాజులకు పేటికలు, సామాన్యులకు భరిణలు. సంస్కృతపు పేటకును తెలుగు పెట్టెకును గల పోలిక కంటికి కనబడుచునే యున్నది. ఎవరు ఎవరికి బాకీపడిరో తేల్చుట భాషాశాస్త్రవేత్తలకు వదలివేయుట మేలు. తెలుగింటి భరిణకు నేటికిని పుట్టినిల్లనదగినది వరాహనది ఒడ్డుననున్న ఏటికొప్పాక. ఇప్పుడది అనకాపల్లి జిల్లాలో చేరినది. అచటి పనివారు అంకుడు కొయ్యను తరిమెనమీద త్రిప్పి గుండ్రని భరిణలను తీయుదురు. తిరుగుచున్న కొయ్యకు లక్కకడ్డీని ఆనించినచో ఒరపిడికి పుట్టిన వేడిమిచేత లక్క కరగి కొయ్యకు అంటుకొనును. తరువాత మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెట్టుదురు. కుంచె లేదు, పొయ్యి లేదు, ఒరపిడియే పొయ్యి. అంకుడు తేలికయైన సన్నపోగు కొయ్య. లక్కపూత తేమను లోనికి పోనీయదు. మూతను జిగురుతోను, బందులతోను కాక ఒడుపుతో కూర్చుదురు. వేలితో కొంచెము మెలిపెట్టిన గాని రాని మూత, పడిపోయినను కుంకుమను ఒలకనీయదు. కుంకుమ కంటె దుమ్మునకు, తేమకు లోబడు వస్తువు ఇంటిలో మరియొకటి లేదు. దానిని కాపాడిన భరిణలో ముక్కుపుడకయు, చెవికమ్మయు భద్రముగా నుండుటలో ఆశ్చర్యమేమి?

చౌక రసాయనపు రంగులు వచ్చి ఈ పనిని కొంతకాలము చెరచినవి. పసుపు, మంజిష్ఠ, నీలిమందు, జాఫరా గింజలు మొదలైనవానినుండి తీసిన రంగులను మరల నిలబెట్టుటలో అచటి సి. వి. రాజు చేసిన కృషికి 2023లో పద్మశ్రీ వచ్చినది. అంతకు ముందే 2017లో ఏటికొప్పాక లక్కపనికి భౌగోళిక సూచిక దక్కినది. చట్టము ఊరి పేరును కాపాడినది. పనివాని పేరును కాపాడుటకు ఇంకను చట్టము రాలేదు.

ఏటికొప్పాకకు ఉత్తరముగా కొలదిదూరమున సముద్రపుటొడ్డున జరిగిన కథ వేరు. విశాఖపట్టణపు దంతపు పెట్టెలు ఇంటిలో ఉండుటకు చేసినవి కావు. ఓడ ఎక్కుటకు చేసినవి. ఆంగ్లేయులు అచట 1682లో వర్తకస్థానమును పెట్టిరి. 1756లో ఆ తీరమునకు వచ్చిన జాన్ కార్నేల్ అను సైన్యాధికారి ఊరిలోని అద్దకపు బట్టలను, దంతము పొదిగిన కొయ్యపనిని చూచి మెచ్చుకొని వ్రాసెను. ఆ మరుసటి ఏడే ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టణమును పట్టుకొనెను. జెండాలు మారుచుండెను; ఉలి మాత్రము ఆగలేదు. దొరలు తమ దేశపు వ్రాతపెట్టెను, అద్దపు పెట్టెను, తేయాకు డబ్బాను నమూనాగా ఇచ్చిరి. కంసాలులు ఆ ఆకారమును తీసికొని దాని పైచర్మమును తమదిగా చేసిరి.

మొదటి రోజులలో ఇరుగుడు వంటి నల్లని కొయ్యలో దంతమును లతలుగా పొదుగువారు. పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమునకు పద్ధతి మారినది. గంధపుచెక్కతో పెట్టె కట్టి, దాని ఒంటినిండ పలుచని దంతపు రేకులు కప్పిరి. తెల్లని ఆ రేకుపై సన్నని ఉలితో గీతలు గీసి, కరగిన నల్లని లక్కను గీతలలో నింపి, పైన మిగిలినదానిని గీకివేసినచో నల్లని రేఖాచిత్రము నిలుచును. ఏటికొప్పాకలో పూతగా ఉన్న లక్కయే ఇచట సిరాగా మారినది! అంచులవెంట సాగు పూలతీగెలు కోరమండల్ తీరపు అద్దకపు బట్టలమీది తీగెలకు తోబుట్టువులు. నడుమ పలకమీది మేడలు ఇంగ్లండునుండి వచ్చిన ముద్రాచిత్రములలోని మేడలు. ఆ మేడలను చూడని చేతులు వానిని కిటికీకి కిటికీగా దంతముపై దింపినవి. తెలియని దేశపు మాటను తెలిసిన భాషలోనికి తెచ్చువాని కష్టము తెలిసినవారు ఈ పెట్టెలను కొంచెము ఎక్కువసేపు చూతురు. కొన్ని మేడలలో ఆకాశము చిక్కగా నుండును, చెట్లు తెలుగు చెట్లుగా నుండును. మూలమునకు విధేయుడైనవాడును తన పెరటిచెట్టును దాచలేడు.

మదరాసు గవర్నరుగా 1773 మొదలు 1775 వరకు పనిచేసిన అలెగ్జాండర్ వించ్ తన వెంట ఇంగ్లండునకు దంతపు సామానును తీసికొనిపోయెను. అతని ఆస్తిని 1781లో వేలము వేసినపుడు మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కొరకు ఆ సామానును కొనెను. విశాఖ కంసాలుల పని ఆ విధముగా రాజగృహము చేరినది. రాజు పేరు, రాణి పేరు, గవర్నరు పేరు, వేలము జరిగిన సంవత్సరము దొరకుచున్నవి. చేసినవాని పేరు దొరకదు.

ఈ దంతపు పెట్టెలలో రెండు జాతులు ప్రకృతమునకు మిక్కిలి సన్నిహితములు. మొదటిది ఇంటి ఆకారపు పెట్టె. వాలుకప్పు, పొగగొట్టము, కిటికీలు, తలుపు అన్నియు నుండును. కప్పును ఎత్తినచో లోపల అరలు. కుట్టుపని సామానో, చిన్ననగలో అందుంచుదురు. మూత తీయుట యనగా ఇంటి కప్పును తీయుట. దూరదేశమున నున్న దొరసానికి ఇల్లు జ్ఞాపకము వచ్చునట్లు చేసిన కల్పన ఇది.

రెండవది గడియారపు పీఠము. దీని అవసరము నేటివారికి వివరించి చెప్పవలసియున్నది. ఐరోపాలో పదునారవ శతాబ్దినుండి వెంటతీసికొనిపోదగిన గడియారములుండెను. అవి చేతికి కట్టునవి కావు, జేబులో ఉండునవి. దుమ్మునకును తేమకును లోబడి ఆగిపోవునవి. కావుననే నాటి ఆంగ్ల గడియారమునకు రెండు కవచములుండెడివి: యంత్రమును పట్టియుంచు లోపలి డిప్ప, దానిని కాపాడు వెలుపలి డిప్ప. వెలుపలి డిప్పకు కొన్నింట చేపచర్మమును కప్పెడివారు. పగలు జేబులో తిరిగిన ఆ గడియారము రాత్రివేళ బల్లమీద నిలువవలెను, ముఖము కనబడవలెను, క్రిందపడరాదు. అందుకై చేసిన చిన్న గూడే గడియారపు పీఠము. గుండ్రని కిటికీలో గడియారము ముఖము చూపును. వెనుక కొక్కెమునకు వ్రేలాడుచుండును. జేబుగడియారము రాత్రి గోడగడియారపు హోదాను అనుభవించును. రక్షణ, ప్రదర్శనము అను రెండు పనులను ఒకే వస్తువు ఒకే క్షణమున చేయుటకు దీనికంటె మంచి ఉదాహరణము దొరకదు. మన భాషయు ఇట్టి గూడే. ముల్లు గంటలను చూపుచున్నను, వస్తువు పేరులో ఇరువదినాలుగు నిమిషముల పాత గడియ భద్రముగా నిలిచియున్నది.

గంధపుచెక్కను ఎన్నుకొనుట వాసనకొరకు మాత్రమే కాదు. దాని నూనెగుణము పురుగును దరిచేరనీయదు. పట్టు అస్తరు చెడదు. దంతము విషయమున మాత్రము చిక్కు ఉన్నది. అది తేమకు ఉబ్బును, పొడిగాలికి ముడుచుకొనును. బంగాళాఖాతపు గాలిలో కూర్చిన రేకు లండను నగరమున నిప్పుగూటి ప్రక్క ఆరినపుడు జిగురును వదలించుకొని వంగజూచును. కావుననే రేకులను జిగురుకే వదలక సన్నని చీలలతోను బిగించిరి. చీలచుట్టు పగులు పట్టిన పెట్టెలు నేడు మ్యూజియములలో ఉన్నవి. పగులును లోపముగా చూపువారున్నారు గాని, రెండువందల ఏండ్లుగా రెండు వాతావరణముల నడుమ జరిగిన పెనుగులాటకు అది లెక్కపుస్తకము.

పందొమ్మిదవ శతాబ్ది సాగినకొలది విశాఖపని మారినది. గీతకు బదులు చిల్లుల జాలి వచ్చినది. తాబేటిచిప్పపై దంతపు జాలిపని, బఱ్ఱెకొమ్ము, ఏదుపంది ముండ్లు, దేవతల బొమ్మలు అన్నియు ఒకే మూతపై కూడినవి. ప్రదర్శనశాలల కాలమది, దూరమునుండి కంటికి తగులవలెనను ఆత్రము ఎక్కువైనది. ఎడ్గర్ థర్‌స్టన్ 1901లో దక్షిణదేశపు దంతపుపనిని గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము ప్రకటించుసరికి ఈ పని పరిశీలింపవలసిన వస్తువుగా మారినది. నిజము చెప్పవలెనన్న, ఈ చివరి పెట్టెలలో చూపు పెరిగి కాపు తగ్గినది. జాలిలో దుమ్ము చేరును, ముండ్లు విరుగును, లోనున్న నగకంటె పెట్టెను తుడుచుటకే ఎక్కువ భయపడవలెను. కరీంనగరపు వెండి తీగెపనికిని ఇదే చిక్కు కలదు. అచటి పనివారు వెండిని వెండ్రుకవలె సాగదీసి, రెండు తీగెలను పెనవేసి, చుట్టి, అతికి అత్తరు భరిణలు, పాన్‌దానులు, నగల పెట్టెలు చేయుదురు. 2007లో దానికిని భౌగోళిక సూచిక వచ్చినది. గాలి దూరు పెట్టె కాపాడునది కొంచెమే. అయినను అది కాపాడెదనని బొంకలేదు. అది స్వయముగా నగ. విశాఖవారి చివరి పెట్టె రెండును తానే అనిపించుకొనబోయి రెంటికి చెడినది.

పెట్టె లేకుండ బ్రదికిన రత్నమును కలదు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1891లో జేకబ్ అను వర్తకునితో బేరమాడి, వ్యాజ్యము దాక పోయి సంపాదించిన వజ్రము 184 కారట్లకు పైబడినది. దానిని ఆయన ఏ మంజూషలోను ఉంచలేదు. తరువాత ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను తండ్రి చెప్పుజోడు కొనలో దానిని కనుగొని కాగితములపై బరువుగా వాడుకొనెనని ప్రసిద్ధి. 1995లో భారతప్రభుత్వము నిజాము నగలతోపాటు దానిని కొనెను. పెట్టె లేని రత్నము రాయియే అనుటకు ఇంతకంటె ఖరీదైన దృష్టాంతము లేదు.

దంతపు పెట్టెల పని ఆగిపోవుటకు అభిరుచి మారుట ఒక్కటే కారణము కాదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టము వచ్చినది. 1986 సవరణతో స్వదేశపు దంతపు వ్యాపారము, 1991 సవరణతో ఆఫ్రికా దంతపు దిగుమతి వ్యాపారమును నిలిచిపోయినవి. 1989లోనే అంతర్జాతీయ వర్తకముపై నిషేధము వచ్చెను. బ్రిటనులో 2018నాటి దంత చట్టము 2022లో అమలునకు వచ్చిన తరువాత, పాత పెట్టె చేతులు మారవలెనన్న అది ఉత్కృష్ట కళాఖండమని ధ్రువపత్రము వంటిది కావలెను. ఈ చట్టములు న్యాయములే; ఒక పెట్టెకొరకు ఒక ఏనుగు చావనక్కరలేదు. కాని చట్టము దంతమును నిషేధించినది గాని గీతను నిషేధింపలేదు. కొయ్యపైనో కొమ్ముపైనో ఆ గీత సాగియుండవచ్చును. దానికి ఆదరణ లేకపోవుటకు ఏనుగులు బాధ్యులు కావు.

గడియారము మరల ఈ కథలోనికి వచ్చినది కర్మాగారపు వస్తువుగా. జపాను సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో బెంగుళూరున హెచ్‌.ఎం.టి. చేతిగడియారములు వెలువడినవి. హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1981లో సైకో సహకారముతో గడియారములు చేయుట మొదలిడెను. ఆల్విన్ గడియారము ఇప్పుడు లేదు, హెచ్‌.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించెను. ఆ రోజులలో పెండ్లికుమారునకు, పరీక్ష తేరిన కుమారునకు, పదవీవిరమణ చేయు ఉద్యోగికి ఇచ్చు బహుమతి చేతిగడియారమే. పెట్టె చిన్నది, ప్లాస్టికు ఒడలు, స్ప్రింగు మూత, లోపల ముఖమలు. ఆ చిన్న పెట్టెలోను ఆలోచన కలదు. తోలుపట్టీ వంగియుండుటకు దిండు కావలెను, లేనిచో మడతపడి విరుగును. అద్దము మూతకు తగులరాదు, కావున దిండు ఎత్తునకు లెక్క కలదు. మూత మూయునపుడు వచ్చు టక్కను చప్పుడును లెక్కలోనిదే. ఆ చప్పుడు వినిపించినగాని ఇచ్చినవానికి ఇచ్చినట్లుండదు.

ఈనాటి పెట్టెలు చేయువారికి కొత్త చిక్కులు కలవు. రబ్బరు, ఉన్నిబట్ట, కొన్ని జిగురులు గంధకపు ఆవిరిని విడుచును, వెండి నల్లబడును. ముత్యమునకు కొంచెము గాలి, తేమ కావలెను. ప్లాస్టికు సంచిలో బిగించినచో వెలవెలబోవును. అది మెత్తనిది కూడను. రవ్వతో ఒకే అరలో నుంచినచో గీతలు పడును. అయస్కాంతపు మూతలు చూచుటకు సొంపుగా నుండును గాని, వాని బలము గడియారములోని సన్నని కేశపు స్ప్రింగునకు సోకినచో కాలము తప్పును. కుంకుమభరిణ చేసిన ఏటికొప్పాక పనివానికి ఈ రసాయనశాస్త్రము తెలియదు. అతని అంకుడు కొయ్యకు, లక్కకు ఈ దోషములలో ఒకటియు లేదు. నగరములలోని పెద్ద నగలదుకాణములు దూరదేశపు అట్టపెట్టెలను తెప్పించుకొనుచు, తమ జిల్లాలోని భరిణను దేవుని గూటికే విడిచిపెట్టుట వర్తకమునకైన లాభసాటి కాదు.

సెక్టర్ 6లోని బీరువాలోనున్న పెట్టె మూతకు కొన్నింట చిన్న ఇత్తడిరేకు అంటించియుండును. దానిపై ఉద్యోగి పేరు, పనిలో చేరిన సంవత్సరము, విరమించిన సంవత్సరము. మూత మూసి చీరలక్రింద పెట్టిన తరువాత ఆ అక్షరములను చదువువారు లేరు. భట్టిప్రోలు గర్భమున కురుని పేరును చదివినవారు లేనట్లే. ముఖమలు దిండుపై గడియారపు వెనుక డిప్ప ఆనిన చోట గుండ్రని మచ్చ మిగిలియుండును. ఆ మచ్చమీదనే పండుగలకు ఊరు పోవునపుడు ఇల్లాలు ముక్కుపుడకను, మనుమరాలి వెండి మువ్వలను, బీరువా తాళపుచెవిని ఉంచి మూతవేయును. టక్కను చప్పుడు ఇంకను వచ్చుచునే యుండును.